మా ఇంటి పుర్రచేతి మేండలిన్

మా ఆయన దోహా పక్కన లుసైల్‌లో ఒక నిర్మాణ కంపెనీకి సామాన్లు కొనిపెడతారు. పైపులు, కేబుళ్ళు, లారీలకు లారీలు ఇనుము. మూడు కొటేషన్లు లేనిదే ఆయన కలం కదలదు. ఆ జబ్బు ఇంటికీ పాకింది. ఇస్త్రీపెట్టె పాడైతే కొత్తది కొనడానికి మాకు నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా నలిగిన చొక్కాలతో ఆఫీసుకు వెళ్ళింది ఆయనే, అయినా బుద్ధి రాలేదు. అలాంటి మనిషితో "అమ్మాయికి ఎడమచేతి మేండలిన్ కావాలి, మన తాహతులో ఏదైనా చూడండి" అని నోరు జారిన దాన్ని నేను.

అమ్మాయికి పదకొండేళ్ళు. అల్ మన్సూరాలో మేముండే బిల్డింగ్‌లోనే మూడో అంతస్తులో ఇంకో తెలుగు కుటుంబం ఉంది. ప్రతి శనివారం వాళ్ళ హాల్లో పిల్లలు టీవీ ముందు వరసగా కూర్చుంటే, విజయవాడ నుంచి ఒక గురువుగారు తెరమీద ప్రత్యక్షమై మేండలిన్ పాఠం చెబుతారు. మా అమ్మాయి మెట్ల మీదుగా కిందికి దిగుతూ ఆ చప్పుడు విని, రెండు వారాలు వాళ్ళ తలుపు దగ్గర నిలబడి, మూడో వారం లోపలికి పోయి కూర్చుంది. ఆ ఇంటివాళ్ళే ఒక పాత మేండలిన్ చేతికిచ్చారు. మా పిల్ల దాన్ని అందరిలా పట్టుకోలేదు. తెరమీద గురువుగారి మేండలిన్ మెడ ఎటు ఉందో, తన మేండలిన్ మెడా అటే ఉండేలా ఒళ్ళో పెట్టుకుంది. అద్దంలో చూసుకుంటున్నట్టు ఆయన చెయ్యి కదిలిన వైపే తన చెయ్యీ కదిలించింది. గురువుగారు తెగ ముచ్చటపడిపోయారు.

"ఆ చివర కూర్చున్న పాప ఎవరమ్మా? మొదటిరోజే ఎంత చక్కగా మీటుతోందో!" అని, కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి చూశారు. "అయ్యో, పుర్రచెయ్యా! చెయ్యి మార్చు తల్లీ. వారంలో అలవాటైపోతుంది."

వెనక కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. నాకూ వారంలోనే అలవాటైపోతుందని చెప్పారు. తణుకులో నేను ఒకటో తరగతి చదివేటప్పుడు మా మేనత్త నా జడ రిబ్బను విప్పి, దాంతోనే నా ఎడమ మణికట్టును బల్ల కోడుకు కట్టేసేది. కోపంతో కాదు, బోలెడంత ప్రేమతో. నోట్లో చేగోడీలు పెడుతూ, "మా బంగారమే, ఈ చేత్తో రాయి, ఆ చెయ్యి మంచిది కాదు" అని బుజ్జగిస్తూ కట్టేది. ఆవిడ గెలిచింది. నేను కుడిచేత్తో రాస్తాను, కుడిచేత్తో తింటాను. కానీ ఎవరైనా ఎడమ అనో కుడి అనో అనగానే, ఏది ఏ వైపో తేల్చుకోవడానికి ఇప్పటికీ నాకొక క్షణం పడుతుంది. విధి వెటకారం చూడండి, నేను చేసేది ఎక్స్‌రే తీసే ఉద్యోగం. మోకాలి పక్కన ఎడమకైతే ఎల్, కుడికైతే ఆర్ అని సీసపు అక్షరం పెట్టాలి. పెట్టే ముందు ప్రతిసారీ రిబ్బను కట్టింది ఏ చేతికో ఒక్కసారి తలుచుకుంటాను. ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం తప్పు పెట్టలేదు, అది వేరే సంగతి.

"గురువుగారూ, నా కూతురి చెయ్యి మాత్రం ఎవరూ మార్చడానికి వీల్లేదు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, మిగతా పిల్లలు మీటడం ఆపేశారు. గురువుగారు పెద్దమనిషి. నన్ను ఏమీ అనలేక ఒక గడువు పెట్టారు. ఉగాదికి ఇక్కడి తెలుగు సంఘం కార్యక్రమంలో పిల్లలందరూ కలిసి స్టేజీ మీద వాయించాలట. ఆలోగా ఎడమచేతి మేండలిన్ దొరికితే సరేసరి, దొరక్కపోతే మా పిల్ల కూడా అందరిలా చెయ్యి మార్చుకోవాల్సిందేనట. రెండు నెలలుంది కదా, ఆమాత్రం దొరకదా అనుకున్నాను. మా ఆయన సంగతి ఆ క్షణంలో మర్చిపోయాను.

"స్పెసిఫికేషన్ ఇవ్వు" అన్నారాయన, ల్యాప్‌టాప్ తెరుస్తూ.

"ఎడమచెయ్యి. అదే స్పెసిఫికేషన్."

"అలా కాదు. టెక్నికల్‌గా సరిపోయేవేమిటి, కమర్షియల్‌గా సరిపోయేవేమిటి, రెండూ విడివిడిగా చూడాలి."

వారం తరువాత డైనింగ్ టేబుల్ మీద దుప్పటంత కాగితం పరిచారు. ఆఫీసు ప్రింటర్‌లోనే తీసుకొచ్చి ఉంటారు. గళ్ళు, రంగులు, కింద సంతకాలకు చోటు. ఒక వరసకు మాత్రం పచ్చరంగు పూసి 'ఎల్ వన్' అని రాసి ఉంది. ఎల్ వన్ అంటే వాళ్ళ భాషలో అందరికన్నా తక్కువకు ఇస్తానన్నవాడు. "చూశావా! కుడిచేతి వాళ్ళకూ ఎడమచేతి వాళ్ళకూ కూడా పనికొస్తుందట. డెలివరీ ఉచితం. పైగా స్టెయిన్‌లెస్ స్టీలు" అన్నారు గర్వంగా. మేండలిన్‌కు స్టెయిన్‌లెస్ స్టీలేమిటా అని ఫోనులో తెరిచి చూద్దును కదా, అది కూరగాయలు తరిగే పీట. ఇంగ్లీషులో దాన్నీ ఆ పేరుతోనే పిలుస్తారట. దోసకాయను చక్రాల్లా కోస్తున్న బొమ్మ, పక్కన వేళ్ళు జాగ్రత్త అని ఇంకో బొమ్మ.

"దీంతో ఉగాదినాడు అమ్మాయి చేత స్టేజీ మీద పచ్చడికి మామిడికాయ కోయిస్తారా?" అని అడిగాను. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, "సాంకేతిక కారణాల వల్ల ఎల్ వన్‌ను తిరస్కరిస్తున్నాం" అన్నారు. నవ్వకుండా అన్నారు. ఆఫీసులోనూ ఇలాగే అంటారు కాబోలు, వాళ్ళు కట్టే బిల్డింగులు ఎలా నిలబడుతున్నాయో నాకు అర్థం కాదు.

తరగడానికి కాక వాయించడానికి పనికొచ్చేవీ ఆ కాగితంలో ఉన్నాయి. కానీ ఎడమచేతిది అనగానే అదే కంపెనీ, అదే చెక్క, అదే తీగలు, ధర మాత్రం రెట్టింపు. తక్కువమంది కొంటారు కాబట్టి తక్కువ చేస్తారట, తక్కువ చేస్తారు కాబట్టి ఎక్కువకు అమ్ముతారట. ఎడమచెయ్యి అంటే ఏదో సోకుకు పెట్టించుకున్నదని వాళ్ళ ఉద్దేశం. పదకొండేళ్ళ పిల్ల, రేపు మోజు తీరిపోతే మూలన పడేసే వస్తువు, దానికి అంత పోసే స్తోమత మాకు లేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఒక శుక్రవారం సాయంత్రం దోహాలోనే వాయిద్యాలమ్మే దుకాణానికి వెళ్ళాం. గోడ నిండా గిటార్లు, అరబ్బీ వీణల్లాంటి ఊద్‌లు. కౌంటర్ వెనకున్న మలయాళీ పెద్దమనిషి నా మాట పూర్తి కాకుండానే చెయ్యి ఊపేశాడు.

"మాఫీ లెఫ్ట్, మేడమ్. ఓన్లీ రైట్. బచ్చా లోగ్ సబ్ రైట్ సీఖ్తా హై."

మాఫీ అంటే లేదని. ఈ దేశంలో అడుగు పెట్టిన మొదటి వారంలోనే నేర్చుకున్న మాట అది. పిల్లలంతా కుడిచేత్తోనే నేర్చుకుంటారట. అంతటితో ఊరుకున్నాడా? ఒక మామూలు మేండలిన్ తీసి తలకిందులుగా తిప్పి పట్టుకుని, లెఫ్ట్ అంటే ఇంతే కదా అన్నట్టు చూపించాడు. అలా తిప్పితే పైన మొహం వైపు ఉండాల్సిన లావు తీగలు కిందికి పోతాయి, కింద ఉండాల్సిన సన్న తీగలు పైకొస్తాయి. నేర్చుకున్న ప్రతి స్వరం తిరగబడుతుంది. ఆ సంగతి మా అమ్మాయే ఆయనకు ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పింది. ఆయన ఓపిగ్గా విని, "లెర్న్ రైట్, బేబీ" అన్నాడు.

ఆఖరికి గురువుగారే దిగివచ్చి ఒక నంబరు ఇచ్చారు. గుంటూరు దగ్గర ఒకాయన మేండలిన్లు చేస్తాడట, ఎడమచేతివైనా అదే ధరకు చేసిస్తాడట. మా ఆయన ఫోను అందుకోబోతే లాక్కున్నాను. "మీరు మాట్లాడితే అమ్మాయి పెళ్ళినాటికి వస్తుంది. నేనే మాట్లాడతాను."

మా పాపకు మేండలిన్ కావాలి అనగానే, "అలాగేనమ్మా, చేసిస్తాను" అన్నాడు గుంటూరు ఆయన. "ఒక్కటి మాత్రం సరిగ్గా చెప్పండి. తరువాత మాట మార్చకూడదు. మెట్ల మీద పాప ఏ చెయ్యి పెడుతుంది?"

మెట్లంటే మేండలిన్ మెడ మీద అడ్డంగా ఉండే ఇత్తడి కడ్డీలు. ఒక చేత్తో వాటి మీద తీగ నొక్కుతారు, రెండో చేత్తో మీటుతారు. లోకమంతా ఎడమచేత్తో నొక్కి కుడిచేత్తో మీటుతుంది. మా అమ్మాయి ఎడమచేత్తో మీటుతుంది కాబట్టి మెట్ల మీద ఉండేది కుడిచెయ్యి. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఇంత తీరిగ్గా రాస్తున్నాను. అప్పుడు మాత్రం ఆయన ఏ చెయ్యి అని అడగ్గానే నాకు మామూలుగా పట్టే ఆ క్షణం పట్టింది. ఫోనులో క్షణం ఆగితే మనకేమీ తెలియదనుకుంటారు కదా. అందుకని ఆగలేదు.

"ఎడమచెయ్యండీ. ఎడమచెయ్యే. ఇందులో మార్పు లేదు."

"సరేనమ్మా, దానికింత గట్టిగా చెప్పాలా!" అన్నాడు.

మా క్లినిక్‌లో పనిచేసే ఒక నర్సమ్మ సెలవు నుంచి తిరిగొస్తూ దాన్ని తెచ్చిపెట్టింది. విమానంలో చంటిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకునే తెచ్చిందట. పెట్టె విప్పాం. తేనెరంగు చెక్క, ముద్దొచ్చే బొమ్మ. అమ్మాయి ఒళ్ళో పెట్టుకుని, మెడ కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో ఒక్కసారి మీటి ఆగిపోయింది. లావు తీగలు కిందున్నాయి. "అమ్మా, ఇది అందరి వాటిలాంటిదే" అంది.

గుంటూరు ఆయనకు ఫోను చేసి అరిచాను. ఆయన అరవలేదు. అదే ఇంకా కాల్చింది.

"అమ్మా, మెట్ల మీద ఎడమచెయ్యని రెండుసార్లు నొక్కి చెప్పారు. మెట్ల మీద ఎడమచెయ్యి పెట్టేవాళ్ళకు కావాల్సింది మామూలు మేండలినే కదండీ. మామూలుది అడగడానికి ఇంత పట్టుదలేమిటా అని మా ఆవిడతో కూడా అన్నాను."

మా ఆయన మొహం చూడాలి! పండగే. "ధ్రువీకరణ లేకుండా పర్చేజ్ ఆర్డర్ ఇచ్చేశావన్నమాట" అన్నారు. ఎడమా కుడీ తప్పకపోవడమే ఉద్యోగమైన మనిషిని నేను. పెళ్ళయిన పదమూడేళ్ళలో ఆయనకు ఇలాంటి అవకాశం నేనెప్పుడూ ఇవ్వలేదు, పాపం ఎంతకాలంగా కాచుకున్నారో.

ఇక చూడాలి జనం సంబరం. గురువుగారు "అంతా దైవనిర్ణయమమ్మా, చెయ్యి మార్చేద్దాం" అన్నారు. గుంటూరు ఆయన పొరపాటును దేవుడు ఎప్పుడు చేతుల్లోకి తీసుకున్నాడో నాకు తెలియదు, అయినా అది గుంటూరు ఆయన పొరపాటు కూడా కాదు. సంఘంలో సాంస్కృతిక కార్యక్రమాలు చూసే మేడమ్‌గారు అల్ హిలాల్ నుంచి పనిగట్టుకుని ఫోను చేశారు. "పోన్లెండి, ఒకందుకు మంచిదే అయింది. వరసలో అందరి మేండలిన్లూ ఒకవైపు చూస్తూ మీ పాపది ఒక్కటే ఇటు తిరిగి ఉంటే ఫోటోలో ఏం బాగుంటుంది చెప్పండి? పైగా ఆ మెడ వెళ్ళి పక్క పిల్లాడి చెవిలో గుచ్చుకుంటుంది." పిల్లాడి చెవి మీద ఆవిడకంత ప్రేమ ఉంటే రెండడుగులు పక్కకు జరిపి కూర్చోబెట్టవచ్చు. ఆ మాటే అన్నాను. "మీరు మరీ సెన్సిటివ్ అండీ" అన్నారావిడ.

వీళ్ళందరికీ జవాబు చెప్పగలిగాను. అమ్మాయికే చెప్పలేకపోయాను. అది ఎవరూ చెప్పకుండానే మేండలిన్‌ను కుడిచేతివాళ్ళలా పట్టుకుని సాధన మొదలుపెట్టింది. మొదటి వరస తడబడుతూ వాయించి, నా మొహం చూసి, "పర్లేదమ్మా, వచ్చేస్తుందిలే. వారమేగా" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నాకు రిబ్బను కట్టడానికి ఒక మేనత్తయినా కావలసి వచ్చింది, దీనికి ఆ అవసరం కూడా లేకపోయింది.

ఆ ఏడుపు మధ్యలోనే వంటింటి అల్మరా తలుపు బాగుచేయడానికి వడ్రంగి వచ్చాడు. జగిత్యాల మనిషి, దోహా వచ్చి పన్నెండేళ్ళయింది. ఇంటికి ఫోను చేస్తే దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు. స్క్రూ బిగిస్తూ హాల్లోకి తొంగి చూశాడు.

"ఏందక్కా, పాప మొకం గట్ల పెట్టుకొని వాయిస్తుంది? గా సితార్ మంచిగ లేదా?"

"సితార్ కాదు, మేండలిన్. మా అమ్మాయిది ఎడమచేతి వాటం. అదేమో కుడిచేతిది."

"ఓ, ఉల్టా హాతా!"

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఉర్దూలో కుడిచెయ్యి సీదా అయిందట, ఎడమచెయ్యి ఉల్టా అయిందట. ఇంగ్లీషు కుడిచేతికి ఏకంగా ఒప్పు అనే పేరు పెట్టేసుకుంది. మన తెలుగు పుర్ర అంటుంది. ఆ చేతికి కాస్త మర్యాదైన పేరు పెట్టిన భాష ఒక్కటీ మా వంటింటి దాకా రాలేదు. నా మొహం చూసి అతను సర్దుకున్నాడు.

"ఫికర్ జెయ్యకున్రి అక్కా. చెయ్యి ఉల్టా అయితే, గా డబ్బను గూడ ఉల్టా చేస్తే అయిపాయె."

చేతులు ప్యాంటుకు తుడుచుకుని మేండలిన్ అందుకున్నాడు. వెలుతురులో అటూ ఇటూ తిప్పి, వేలితో తట్టి చూశాడు.

"పొట్ట రెండు దిక్కుల ఒక్కతీరే ఉన్నది సూడున్రి. ఒక పక్కకు కొమ్ము గిట్ల ఉంటె పని కాకపోవు. తీగెలు ఇటువి అటు, అటువి ఇటు ఎక్కియ్యాలె. పైన గీ సన్న ముక్క ఉన్నది గదా, దొడ్డు తీగెకు దొడ్డు గాటు, సన్న తీగెకు సన్న గాటు. గిది కొత్తది చెయ్యాలె. కింద గీ చెక్కను తిప్పి కూసోబెట్టాలె. గంతే."

"నీకివన్నీ ఎలా తెలుసు?"

"మా మామ కవ్వాలీ పాడెటోళ్ళ బ్యాంజోలు బాగు చేస్తుండె. గీ ముక్కలు రుద్దుడు చిన్నప్పుడు నా పనే." అని ఆగి, కాస్త మొహమాటపడ్డాడు. "ఒక్కటక్కా, గిది ఎముకతోని చేస్తరు. మీరు మాంసం తినరు గదా. ప్లాస్టిక్‌ది పెట్టాల్నా?"

మా ఆయన కుర్చీలోంచి లేచారు. "ఎముకకు, ప్లాస్టిక్‌కు విడివిడిగా కొటేషన్..." అన్నారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన కూర్చున్నారు.

"ఎముకే పెట్టు" అన్నాను.

"ఫులూస్ సంగతి ఎనుక సూద్దాం, ముందు పని గానియ్యున్రి" అని డబ్బు మాట దాటేసి అతను దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళాడు. ఉగాది పదిరోజుల్లో ఉంది. అల్మరా తలుపులు బిగించేవాడి చేతికి మేండలిన్ ఇచ్చి పంపానని తెలిసి గురువుగారు ఎంతసేపు మాట్లాడలేదంటే, నెట్ పోయిందనుకున్నాం. నాకూ లోపల భయంగానే ఉంది. చెడిపోతే ఇంకోటి కొనలేం, పిల్ల చెయ్యి మార్చుకుంటుంది, మార్చుకున్నది మళ్ళీ వెనక్కి రాదు. రాదని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు?

శుక్రవారం నమాజు అయ్యాక అతను వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, అత్తరు వాసన. దుప్పట్లో చుట్టిన మేండలిన్ విప్పి, బొటనవేలితో తీగల మీద ఒక్కసారి రాశాడు. ఇల్లంతా నిండింది ఆ చప్పుడు. పైన తెల్లగా కొత్త ఎముక ముక్క, అందులో ఎంత సన్నని గాట్లో! అంత పని అతను చేస్తాడని నేను నిజంగా అనుకోలేదు. లావు తీగలు ఎక్కడుండాలో అక్కడున్నాయి. నాకు కళ్ళు చెమర్చాయి. గురువుగారికి, మేడమ్‌గారికి, గుంటూరు ఆయనకు, అందరికీ ఏమేం చెప్పాలో అప్పటికప్పుడే మనసులో వరసగా పేర్చుకుంటున్నాను.

"యల్లా పాపా, వాయించు" అని అతను మేండలిన్ ముందుకు చాచాడు. అమ్మాయి గదిలోంచి పరుగెత్తుకొచ్చి చెయ్యి చాపింది.

"ఊఁ, కుడిచేత్తో తీసుకో" అన్నాను.

చాపిన ఎడమచెయ్యి వెనక్కి వెళ్ళింది, కుడిచెయ్యి ముందుకొచ్చింది. పిల్ల ఉలిక్కిపడలేదు, నా వైపు చూడలేదు, రెప్పపాటు కూడా పట్టలేదు. మేండలిన్ తీసుకుని వెళ్ళి సోఫా అంచున కూర్చుంది. జగిత్యాల అతను ఒక్కసారి నన్ను చూసి, దుప్పటి మడత పెట్టుకోవడంలో పడ్డాడు.

సోఫా దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఏమే, ఇంతకు ముందెప్పుడైనా నీతో ఈ మాట అన్నానా?"

"రోజూ అంటావుగా అమ్మా" అంది, ఎడమచేత్తో మీటే ముక్కను పట్టు చూసుకుంటూ. "హారతి అద్దుకునేటప్పుడు, కొట్టులో డబ్బులిచ్చేటప్పుడు, లిఫ్టులో ఎవరైనా చాక్లెట్ ఇచ్చినప్పుడు. చాలాసార్లు నువ్వు అనకముందే మార్చేస్తానుగా. ఇవాళ తొందర్లో మర్చిపోయాను. సారీ."